రాయని స్నాగ్

మా ఇంట్లో విమానాల మనుషులు ఇద్దరు. బాబాయి ముప్పై ఏళ్ల పైచిలుకు చిన్న విమానాలకు మరమ్మతులు చేసి, ఎగరొచ్చని సంతకాలు పెట్టి రిటైరైన లైసెన్సు ఇంజనీరు. చెల్లి పక్క రాష్ట్రంలో పైలట్ శిక్షణలో ఉంది. కమర్షియల్ లైసెన్సుకు కావలసిన 200 గంటల్లో సగం దాటింది. సంక్రాంతికి ఇంటికొచ్చింది. ఆదివారం సాయంత్రం పాత బోయినపల్లిలో బాబాయి ఇంటి డాబా మీద టీ తాగుతున్నాం. కరెంటు తీగలకు చిక్కిన గాలిపటాలు రెపరెపలాడుతున్నాయి. బేగంపేట వైపు నుంచి లేచిన చిన్న విమానమొకటి తల మీదుగా పోయింది. ఇద్దరూ మాట ఆపేసి, ఇంజన్ చప్పుడు పూర్తిగా వినబడకుండా పోయేదాకా చెవి అప్పగించారు. అక్కడ మొదలైంది. విమానం గురించి నాకు టికెట్ కొనడం తప్ప ఏమీ తెలియదు. విన్నది విన్నట్టు రాస్తున్నాను.

చెల్లి: మొన్న క్లాసులో హారిసన్ ఫోర్డ్ ప్రమాదం గురించి చెప్పారు బాబాయ్. అదే, స్టార్ వార్స్ హీరో. 2015 మార్చి 5న కాలిఫోర్నియాలో శాంటా మోనికా ఎయిర్‌పోర్టు నుంచి ఒక్కడే లేచాడు. రెండో ప్రపంచ యుద్ధం నాటి రయాన్ పీటీ-22 విమానం. అదీ 1942లో తయారైందే, ఆయనా 1942లో పుట్టినవాడే. రన్‌వే దాటి పైకి ఎక్కుతుండగానే ఇంజన్ పోయింది. వెనక్కి వస్తానని టవర్‌కి చెప్పి తిప్పాడు. రన్‌వే అందదని తెలియగానే దాని మీద ఆశ వదిలేసి పక్కనున్న గోల్ఫ్ మైదానంలోకి దించాడు. చెట్టు కొమ్మలు తగిలాయి, విమానం నుజ్జయింది. మనిషి దెబ్బలతో బతికాడు. 72 ఏళ్ల వయసులో! కింద ఎవరికీ ఏమీ కాలేదు. పైలట్ అంటే అదీ.

బాబాయి: బాగానే దించాడు, నేను కాదనను. మరి ఇంజన్ ఎందుకు పోయిందో చెప్పారా?

చెల్లి: కార్బ్యురేటర్ అన్నారు. అక్కడితో ఆపి మిగతా గంటంతా ఎలా దించాడన్నదే చెప్పారు.

బాబాయి: మీ పైలట్లందరికీ ఇదే జబ్బు. సినిమా సగం నుంచి చూస్తారు. అమెరికా దర్యాప్తు సంస్థ ఆ ఇంజన్ విప్పి చూసింది. కార్బ్యురేటర్‌లో ఇంజన్‌కి పెట్రోలు కొలిచి పంపే జెట్ ఒకటి ఉంటుంది. మర తిప్పి బిగించే చిన్న ముక్క. అది మర ఊడి తన చోటు నుంచి జరిగింది. కొలత పోయింది, పెట్రోలు వరదలా పడింది. మీ నాన్న పాత చేతక్ గుర్తుందా? చోక్ లాగి తొయ్యడం మరిచిపోతే ఏమయ్యేది?

చెల్లి: నల్లటి పొగ వదిలి గుడుగుడుమని ఆగిపోయేది.

బాబాయి: ఇదీ అంతే. పొయ్యి నోట్లో కట్టెలు కుక్కితే మంట ఎక్కడిది? ఇప్పుడు అసలు సంగతి విను. ఆ విమానాన్ని బాగుచేసినప్పుడు కార్బ్యురేటర్ కూడా విప్పి కట్టారు. అది ప్రమాదానికి దాదాపు 17 ఏళ్ల ముందు. మర ఒక్కరోజులో ఊడదు. ఇంజన్ అదిరినప్పుడల్లా వెంట్రుకవాసి కదులుతుంది. ఆ మార్చి నెలలో పోయిన ఇంజన్‌కి జబ్బు ఏళ్ల కిందటే మొదలైంది. మీరు గాలిలో ఇంజన్ ఫెయిలైంది అంటారే, అలాంటిది ఉండదమ్మా. ఫెయిలయ్యేది నేల మీదే, గాలిలో బయటపడుతుంది. అంతే.

చెల్లి: నీ మాట ఒప్పుకుంటే ఇక నాకు పనేం లేదు బాబాయ్. అన్నీ మీరు హ్యాంగర్‌లో ముందే రాసిపెట్టేస్తే నేను పైన కూర్చుని తలరాత చదువుకోవాలి. లోపానికీ ప్రమాదానికీ మధ్య కొంచెం జాగా ఉంది. ఆ జాగాలో ఉండేది నేను. సెస్నాలో వెయ్యి అడుగుల ఎత్తున ఇంజన్ పోతే, గాలి లేని రోజున దాదాపు ఒకటిన్నర నాటికల్ మైళ్లు జారుకుంటూ పోగలను. అంటే మూడు కిలోమీటర్లకు కాస్త తక్కువ. టైము ఒకటిన్నర నిమిషం. ఆ ఒకటిన్నర నిమిషంలో నేను చేసేదాన్ని బట్టే అది పేపర్లో వార్త అవుతుందా, క్యాంటీన్‌లో కబురవుతుందా అన్నది తేలుతుంది.

బాబాయి: ఏం చేస్తావ్? చెప్పు, వింటాను.

చెల్లి: ముందు ముక్కు దించాలి. ఇదే అన్నిటికన్నా కష్టం, నేల మీదికొస్తుంటే చెయ్యి దానంతటదే వెనక్కి లాగుతుంది. సెస్నా 152లో వేగం 60 నాట్లు. మిక్స్చర్ మూసెయ్, పెట్రోలు మూసెయ్, ఇగ్నిషన్ తీసెయ్, ఫ్లాప్స్ దించు, మాస్టర్ ఆపు. నేల తాకే ముందు తలుపు గడియ తీసిపెట్టు, ఫ్రేము వంగితే తర్వాత తెరుచుకోదు. లేచిన వెంటనే పోతే వెనక్కి తిరగొద్దు, ముక్కుకు ఎదురుగా ఉన్నదాంట్లోనే కాస్త మంచి చోటు చూసుకో. తిరుగుదామని 45 డిగ్రీలు వంచావా, విమానం నిలదొక్కుకోడానికి కావలసిన కనీస వేగం 19 శాతం పెరుగుతుంది. 60 డిగ్రీలకు 41 శాతం. చేతిలో ఉన్న వేగమేమో తగ్గిపోతుంటుంది. రన్‌వే కనిపిస్తూనే ఉంటుంది, దాని మీది ఆశే చంపుతుంది. ఫోర్డ్ బతికింది ఆ ఆశ వదులుకోగలిగినందుకే.

బాబాయి: అప్పగించిన పాఠం బాగుంది. ఎప్పుడైనా చేశావా?

చెల్లి: నెలకు నాలుగుసార్లు. ఇన్‌స్ట్రక్టర్ కబుర్లు చెబుతూ చెబుతూ థ్రాటిల్ లాగేసి, ఇంజన్ పోయింది, నీ ఇష్టం అంటారు. అప్పుడు కింద పొలాలు వేరేగా కనిపిస్తాయి బాబాయ్. పచ్చగా మెరిసేది నీళ్లున్న వరిమడి, చక్రం దిగితే బోర్లా పడతాం. చదునుగా కనిపించే నల్లరేగడి వానపడితే బంక. రోడ్డు పక్కన తీగలు కనిపించవు, స్తంభాలు వెతుక్కోవాలి. కోత కోసిన జొన్న చేను కనబడితే ప్రాణం లేచొస్తుంది. ఇప్పుడు బస్సులో పోతున్నా కిటికీలోంచి చేలే చూస్తున్నా, ఎక్కడ దించొచ్చా అని.

(బాబాయి నవ్వాడు. లేచి పిట్టగోడ దగ్గరికి వెళ్లి టీవీ డిష్ కాలును పట్టుకు చూపించాడు. దాన్ని బిగించిన రెండు బోల్టుల తలలకు చిన్న కన్నాలున్నాయి. వాటి గుండా సన్నటి తీగ ఒకటి దూరి, జడలా మెలితిరిగి, ఒక తల నుంచి ఇంకో తలకు బిగుతుగా పోయింది.)

బాబాయి: ఇదేంటో తెలుసుగా?

చెల్లి: లాకింగ్ వైరు. ఎగిరే ముందు విమానం చుట్టూ నడిచి తనిఖీ చేసేటప్పుడు చూస్తాం.

బాబాయి: ఉందా లేదా అని చూస్తారు. ఎటు లాగుతోందో చూశావా? ఈ బోల్టు విప్పుకోవాలని చూస్తే తీగ బిగుసుకుంటుంది. అంటే రెండోదాన్ని బిగిసే వైపు లాగుతుంది. ఒకదాని కాపలా ఇంకొకటి. తప్పు వైపు కట్టావనుకో, చూడ్డానికి ఇంతే అందంగా ఉంటుంది, పనికి సున్నా. చెయ్యి తిరగడానికి నాకు ఏడాది పట్టింది. నువ్వు ఒకటిన్నర నిమిషం అన్నావు. ఆ ఒకటిన్నర నిమిషం నీకు రాకుండా చూడ్డానికి నేను ముప్పై ఏళ్లు ఇలాంటి తీగలు మెలిపెట్టాను. పేపర్లో నా పేరు రాలేదు. రాకపోవడమే నా జీతం.

చెల్లి: సరే, ఇంకో కేసు చెబుతా. 2002 అక్టోబరు, టెక్సస్. సిర్రస్ అనే చిన్న విమానం. దానికి విమానం మొత్తాన్నీ దించే పారాచూట్ ఉంటుంది. గాలిలో ఉండగా ఎడమ రెక్క మీది ఎయిలరాన్, అదే విమానాన్ని పక్కకు వంచే రేకు, ఒక కీలు నుంచి ఊడి వేలాడింది. పైలట్ కంగారుపడలేదు, జనం లేని వైపు తిప్పుకుని పారాచూట్ లాగాడు. పొదల్లో దిగింది, మనిషి నడుచుకుంటూ బయటికొచ్చాడు. సర్టిఫికెట్ పొందిన విమానం అలా దిగి ప్రాణం కాపాడ్డం అదే మొదలు. ఇందులో ఏమంటావ్?

బాబాయి: ఆ ఎయిలరాన్ ఎందుకు ఊడిందట?

చెల్లి: ...మరమ్మతు చేసినవాళ్లు తిరిగి సరిగ్గా బిగించలేదు.

బాబాయి: ఒకే కేసులో నువ్వూ గెలిచావు, నేనూ గెలిచాను. కంట్రోల్స్ మీద చెయ్యి పెడితే పని చేసినవాడు కాకుండా ఇంకొకడు వచ్చి చూసి సంతకం పెట్టాలని మాకు రూలెందుకు? రెండో మనిషికి మొదటివాడి కన్నా ఎక్కువ తెలుసని కాదు. చేసినవాడి కంటికి తను చేసింది కనబడదు, చేద్దామనుకున్నది కనబడుతుంది. 

చెల్లి: కానీ బాబాయ్, పైలట్ లేకపోతే మీ తప్పు ఒక శవంతో ముగిసేది. నేర్పే, ఓర్పే లేకపోతే...

బాబాయి: నేర్పు చాలని చోట్లు కూడా ఉంటాయమ్మా. దుండిగల్ ఎంత దూరం ఇక్కడికి? అక్కడ ఎయిర్‌ఫోర్స్ కేడెట్లు ఎన్నో ఏళ్లు హెచ్‌పీటీ-32 దీపక్ మీద తొలి పాఠాలు నేర్చుకున్నారు. మన హెచ్‌ఏఎల్ చేసిన విమానం, పక్కపక్క సీట్లు. గాలిలో ఇంజన్ ఆగిపోవడం దానికి పేరుమోసిన జబ్బు. ఆగితే సరిగ్గా జారదు, గబగబా కిందికి దిగిపోతుంది. 2009 జూలైలో మెదక్ జిల్లాలో ఒకటి కూలింది. అందులో పోయినవాళ్లు ఇద్దరూ ఇన్‌స్ట్రక్టర్లే, ఇతరులకు నేర్పేవాళ్లు! నువ్వు చెప్పిన పాఠమంతా వాళ్లు నిద్రలో కూడా అప్పగించగలరు. ఎత్తు లేనప్పుడు, యంత్రం సాయపడనప్పుడు పాఠం ఏం చేస్తుంది?

చెల్లి: ఆ తర్వాత దాన్ని నేల మీదే నిలబెట్టేశారుగా.

బాబాయి: నిలబెట్టారు. సరైన పని. కానీ ఆపడానికీ ఖర్చుంటుంది. తొలి పాఠానికి విమానం లేక పిల్లల్ని నేరుగా కిరణ్ జెట్ ఎక్కించారు. స్విట్జర్లాండ్ నుంచి పిలాటస్ శిక్షణ విమానాలు 2013లో గానీ రాలేదు. ఒక జబ్బును మొదట్లోనే పట్టుకోకపోతే నాలుగేళ్లు ఊరంతా పస్తుండాల్సి వస్తుంది.

చెల్లి: ఇప్పుడు నేనడుగుతా. ఫోర్డ్ విమానం జెట్ ఊడింది, సరే. దాన్ని ఎన్నాళ్లకోసారి విప్పి చూడాలో పుస్తకంలో ఉందా?

(బాబాయి వెంటనే జవాబివ్వలేదు. గ్లాసు అడుగున మిగిలిన టీ తిప్పుతూ కూర్చున్నాడు.)

బాబాయి: లేదు. దర్యాప్తువాళ్లూ అదే రాశారు. ఆ జెట్లను ఎలా బిగించాలి, తర్వాత ఎలా చూసుకోవాలి అన్నదానికి సూచనలు లేవు.

చెల్లి: మరి పుస్తకంలో లేని పని చేయలేదని మెకానిక్‌ను ఎలా పట్టుకుంటావ్? అన్నీ నేల మీదే పుడతాయన్నావు. నేల మీద ఏ మనిషి దగ్గర?

బాబాయి: ఆ ఒక్క లైను లేకపోవడం దగ్గర. ఇంకోటి చెబుతా. నువ్వు చెప్పిన గొప్ప దింపుడు ఉందే, అందులోనూ హ్యాంగర్ వేలు ఉంది. ఫోర్డ్ భుజం బెల్టును సీటు వీపుకు బిగించారు. ఆ రేకుకు వెనక తగిన బలం కట్టలేదు. విమానం నేలకు కొట్టుకున్నప్పుడు బోల్టు రేకును చీల్చుకుని వచ్చేసింది. దెబ్బలు అంత గట్టిగా తగలడానికి అదీ ఒక కారణమని రిపోర్టులో రాశారు. ఇంజన్ ఆగడానికీ ఆ బెల్టుకూ సంబంధం లేదు, ఎప్పుడో ఎవరో బిగించారు. అది ఏళ్ల తరబడి ఆ ఒక్క క్షణం కోసం కాచుకుని కూర్చుంది.

చెల్లి: ఇలా వెతుక్కుంటూ పోతే ప్రతి ప్రమాదానికీ హ్యాంగర్‌లో ఒక దోషి దొరుకుతాడు. దొరికితే ఉద్యోగం తీసేస్తారు. అప్పుడు తప్పు చేసినవాడు చెబుతాడా?

బాబాయి: చెప్పడు. నాకు తెలుసు.

(కాసేపాగి చెప్పాడు. మా పిన్నికి కూడా ఈ సంగతి తెలియదనుకుంటాను.)

బాబాయి: సర్వీసులో చేరిన కొత్తల్లో. వాన రోజు. ప్యానెల్ కింద పడుకుని పనిచేసి లేచాను. టూల్ బోర్డు మీద ప్రతి సామానుకూ దాని ఆకారం గీసి ఉంటుంది, ఏది లేకపోతే దాని నీడ కనబడుతుంది. టార్చ్ నీడ ఖాళీగా ఉంది. విమానం అప్పటికే రన్‌వే వైపు పోతోంది. పరుగెత్తుకెళ్లి టవర్‌కి ఫోన్ చేయించాను, వెనక్కి పిలిపించారు. టార్చ్ రడ్డర్ పెడల్ వెనక దొర్లుతోంది. ఆ పైలట్ దిగి, అందరి ముందూ నా తాతముత్తాతల్ని తిట్టాడు. సాయంత్రానికి నాకు మెమో.

చెల్లి: చెప్పినందుకా?

బాబాయి: మరిచినందుకు అన్నారు. కానీ హ్యాంగర్‌లో మిగతావాళ్లకు అర్థమైంది వేరు. ఆ తర్వాత ఏడాదిపాటు టూల్ పోయిందని ఒక్కడూ నోరెత్తలేదు. టూల్స్ పోవడం ఆగిందనుకున్నావా? సొంత డబ్బుతో కొత్తవి కొనుక్కొచ్చి బోర్డుకు తగిలించేవాళ్లు. బోర్డు నిండుగా ఉండేది. నాకు మాత్రం పాత టూల్ ఏ విమానం కడుపులో ఉందోనని రాత్రి నిద్రపట్టేది కాదు.

(కింది వీధిలో పిల్లలు తెగిన పటం కోసం అరుస్తూ పరిగెత్తారు. చెల్లి మాట్లాడలేదు. నా వైపు చూసి, మళ్లీ బాబాయి వైపు తిరిగింది.)

చెల్లి: బాబాయ్, మ్యాగ్ డ్రాప్ కొంచెం ఎక్కువుంటే ఎంత ప్రమాదం?

బాబాయి: ఎంత కొంచెం?

చెల్లి: (నాతో) అన్నా, నీకు తెలియాలంటే... మా ఇంజన్‌లో ప్రతి సిలిండర్‌కీ రెండు ప్లగ్గులు, నిప్పురవ్వ ఇవ్వడానికి రెండు మ్యాగ్నెటోలు. రెండెడ్ల బండి అనుకో. లేచే ముందు 1700 ఆర్‌పీఎం దగ్గర ఒక్కోదాన్నీ ఆపి చూస్తాం, రెండోది ఒంటరిగా లాగుతోందా అని. 125కి మించి పడిపోకూడదు. (బాబాయితో) బుధవారం, ఇంటికొచ్చే ముందు రోజు, కుడిదాని మీద 140 పడింది. మళ్లీ చూస్తే 130. మీటరు సరిగ్గా లేదేమో అనుకున్నా. వెనకాల మూడు విమానాలు లైన్లో ఉన్నాయి. ఆ వారం నాకు రావలసిన గంటల్లో సగం కూడా రాలేదు. వెళ్లిపోయా. ఏమీ కాలేదు, గంట ఎగిరి దిగా.

బాబాయి: దిగాక టెక్ లాగ్‌లో స్నాగ్ రాశావా, ఇలా తేడా ఉందని?

చెల్లి: లేదు.

బాబాయి: ఎందుకు?

చెల్లి: రాస్తే, లిమిట్ దాటిందని తెలిసీ ఎందుకు లేచావంటారు. ఒంటరిగా ఎగిరే సోలోలు ఆపేస్తారేమో. విమానం హ్యాంగర్‌లోకి పోతే మిగతావాళ్ల గంటలూ పోతాయి, అందరూ నన్నే తిడతారు. పైగా... ఏమీ కాలేదుగా.

(బాబాయి తిడతాడనుకున్నాను. తిట్టలేదు. డిష్ కాలుకున్న మెలితీగ మీద వేలు పోనిస్తూ నిలబడ్డాడు.)

బాబాయి: ప్లగ్గుకు మసి పట్టి ఉండొచ్చు, అయితే పది నిమిషాల పని. మ్యాగ్నెటో లోపలే ఏదైనా ఉండొచ్చు. ఏదన్నది ఇక్కడ కూర్చుని నేను చెప్పలేను, అక్కడున్న ఇంజనీరూ చెప్పలేడు. అతనికి అసలు తెలియదు కాబట్టి. ఇందాకటి నుంచి మనమిద్దరం ఒకటే తగువు, లోపం నీ ఆకాశంలో ఉందా, నా హ్యాంగర్‌లో ఉందా అని. నువ్వు అక్కడ ఎంత నేర్పుగా దించినా, నేనిక్కడ ఎంత బాగా తీగ మెలిపెట్టినా, మనిద్దరి మధ్య నడిచేది ఆ టెక్ లాగ్ పుస్తకం ఒక్కటే. నీ చెవికి వినబడింది నా స్పానర్ దాకా రావడానికి వేరే దారి లేదు. ఫోర్డ్ కార్బ్యురేటర్‌కి పుస్తకం రాసినవాళ్లు ఒక లైను రాయలేదు. నా టార్చ్ తర్వాత మా వాళ్లు ఏడాదిపాటు రాయలేదు. ఇది నీ లైను.

చెల్లి: నువ్వు తిట్టినా బాగుండేది.

బాబాయి: తిడితే ఇంకోసారి నాక్కూడా చెప్పవు.

చెల్లి: ఎల్లుండి వెళ్తున్నాగా. వెళ్లగానే రాస్తా. లిమిట్ దాటిందని, తెలిసే లేచానని, రెండూ రాస్తా.

బాబాయి: రేపు ఆ విమానం ఎవరికిచ్చారు?

(చెల్లి ఫోన్‌లో రేపటి రోస్టర్ తీసింది. వేలు పైకీ కిందికీ జరిగింది, ఒకచోట ఆగింది.)

చెల్లి: పొద్దున ఆరున్నరకి. మా జూనియర్ అమ్మాయి. ఫస్ట్ సోలో.

బాబాయి ఏమీ అనలేదు. గ్లాసులు మూడూ ఎత్తుకుని మెట్ల వైపు నడిచాడు. చెల్లి లేచి పిట్టగోడ దగ్గరికెళ్లి, సిగ్నల్ ఉన్న మూల చూసుకుని ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది. అవతల ఎవరో ఎత్తారు. చెల్లి గొంతు సవరించుకుని తన పేరు, విమానం నంబరు, బుధవారం అని చెప్పింది. అవతలి మనిషి ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు, స్పీకర్ ఆన్‌లో లేకపోయినా నాకూ వినబడింది.

"ఎంత పడిందమ్మా?"

మెట్ల మీద బాబాయి అడుగుల చప్పుడు ఆగింది.

"నూట నలభై సార్," అంది చెల్లి.